అయిదో తీగ

ఆర్విడ్ నుట్టిలాకు పడవంటే ప్రాణం. పడవ ట్రైలర్‌ను వెనక్కి నడపడమంటే ప్రాణసంకటం. ఎడమకు తిప్పితే అది కుడికి పోతుంది, కుడికి తిప్పితే వంకర తిరిగి అతని మొహంలోకే చూస్తుంది. అందుకే మిన్నెసోటాలో చేపల సీజన్ మొదలయ్యే రోజున ట్రైలర్‌ను లాగే పికప్ బండిని అతని భార్య మార్లిస్ నడుపుతుంది. అతను రేవులో నిలబడి సలహాలిస్తాడు. అవి ఆమె ఏనాడూ వినలేదు.

నిరుడు ఎవరో, "మార్లిస్, మీ ఆయన్ని కూడా నువ్వే నీళ్ళలోకి దించుతావా?" అన్నారు. అందరితోపాటు ఆర్విడ్ కూడా నవ్వాడు కానీ, ఆ మాట చలికాలమంతా గొంతులో చేప ముల్లులా ఉండిపోయింది.

ఈ ఏడు పెద్ద పడవ కొన్నారు. దాని ట్రైలర్‌కు సొంత బ్రేకులున్నాయి. పికప్ నెమ్మదించగానే ట్రైలర్ వచ్చి దాన్ని నెడుతుంది, ఆ నెట్టుడుకే బ్రేకులు పడతాయి. చిక్కేమిటంటే, వెనక్కి వెళ్ళేటప్పుడు కూడా అలాగే బిగుసుకుంటాయి. వాటిని వదిలించడానికి ట్రైలర్ ప్లగ్గులో అయిదో తీగ ఉంది. రివర్స్ లైటు కరెంటు దానికి అందితే చాలు. పికప్ సాకెట్లో మాత్రం ఉన్నవి నాలుగే.

ఆర్విడ్ నాలుగు తీగల సాకెట్‌ను అయిదు తీగల ప్లగ్గుకు కలిపే అడాప్టర్ ఒకటి రహస్యంగా కొన్నాడు. మార్లిస్ చర్చి విందుకు వండడానికి వెళ్ళిన పూట రివర్స్ లైటు నుంచి తీగ లాగి సిద్ధం చేశాడు. అడాప్టర్‌ను మాత్రం తగిలించకుండా ప్యాంటు జేబులో దాచాడు. రేవులో మార్లిస్ నానా తంటాలూ పడాలి, అప్పుడు తను వంగి దాన్ని తగిలించి, పడవను దర్జాగా దింపాలి. అదీ పథకం.

మొదట అంతా అనుకున్నట్టే జరిగింది. ట్రైలర్ మొండికేసింది. టైర్లు కంకర మీద ఈడ్చుకుపోయాయి, రబ్బరు కంపు కొట్టింది, వెనక బళ్ళు బారులు తీరాయి. పాస్టర్ ఎంగెబ్రెట్ వచ్చి, ఓపిక పట్టమని ఉపదేశించి, తన వాచీ చూసుకున్నాడు.

మార్లిస్ దిగి పక్కకు నిలబడింది. "నావల్ల కావడం లేదు. నువ్వు చూడు."

ఆ గొంతు వినగానే ఆర్విడ్‌కు గుండె కలుక్కుమంది. అయినా వంగి అడాప్టర్ తగిలించి, పికప్ ఎక్కి వెనక్కి పోనిచ్చాడు. బ్రేకులు వదిలాయి. ట్రైలర్ కట్టు తెంచుకున్న దూడలా పక్కకు తిరిగి, రేవు పక్కన నీళ్ళలోకి కట్టిన చెక్కవంతెన మీదికి బయల్దేరింది. వంతెన మీద కాళ్ళు వేలాడేసుకున్న వాళ్ళంతా ఒక్కసారిగా కాళ్ళు ముడుచుకున్నారు. పాస్టర్ వాచీ సంగతి మరిచి పక్కకు గెంతాడు. బిగుసుకుపోయి ఉన్నప్పుడే నయమని ఎవరో అన్నారు.

మార్లిస్ వచ్చి అతని పక్కన కూర్చుని, వెనక చూసే అద్దాన్ని సరిచేసింది.

"కాస్త ముందుకు పోనీ. ఇప్పుడు చెయ్యి స్టీరింగ్ కింది అంచున పెట్టు. పడవ ఎటు పోవాలో చేతిని అటు జరుపు. జనాన్ని చూడకు, అద్దంలో చూడు."

ట్రైలర్ బుద్ధిగా నీళ్ళలోకి దిగింది. పడవ తేలింది. రేవులో చప్పట్లు.

"ఇంత సులువని ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"నువ్వు అడిగితేగా."

ఆర్విడ్ తల గోక్కున్నాడు. "మార్లిస్, ఆ అడాప్టర్..."

"నిన్న నీ ప్యాంటు ఉతికిందెవరనుకున్నావ్? తీసి ఆరబెట్టి మళ్ళీ పెట్టాను."

"తెలిసే అంతసేపు టైర్లు అరగదీశావా?"

"ఒక్కసారి నలుగురిలో నీ ముచ్చట తీరనీ అనుకున్నాను. పాస్టర్ మీదికి తోలతావని అనుకోలేదు."

ఆమె పడవెక్కి, ఖాళీ ట్రైలర్‌తో సహా బండిని గట్టు పైన రెండు ట్రైలర్ల మధ్య వెనక్కి పెట్టి రమ్మంది. ఆర్విడ్ ఛాతీ విరుచుకుని వెళ్ళాడు.

అతను తిరిగొచ్చేసరికి మార్లిస్ రెండు చేపలు పట్టి, అతని శాండ్‌విచ్ కూడా తినేసి, మొహం మీద టోపీ పెట్టుకుని హాయిగా నిద్రపోతోంది.