ఇద్దరికి కలిపి ఒక వంద

గత ఆదివారం ఉదయం 8.10కి, రావులపాలెం నుంచి రాజమండ్రి వెళ్లే బస్సులో కండక్టర్ గణేష్‌బాబు ఇద్దరు ప్రయాణికుల దగ్గర రెండు వంద నోట్లు తీసుకున్నాడు. ఒక్కో టికెట్ యాభై. ఒక నోటు సంచిలో వేసుకున్నాడు. రెండోది తిరిగి వాళ్లకే ఇచ్చి, "దిగాక చెరో యాభై పంచుకోండి" అన్నాడు.

జరిగింది ఇంతే. దీన్ని కొందరు సమస్య అంటున్నారు. పత్రికలకు ఉత్తరాలు రాస్తున్నారు. వాళ్లకు నా మనవి ఒకటే. బస్సులో చిల్లర లేకపోవడం వరం!

ఆలోచించండి. బ్యాంకులో ఇద్దరు కలిసి ఖాతా తెరవాలంటే ఏమేం అడుగుతారు? ఆధార్, పాన్, ఫొటోలు, పద్నాలుగు చోట్ల సంతకాలు. కండక్టర్‌కు ఇవేమీ అక్కర్లేదు. పేర్లు కూడా అడగడు. అర నిమిషంలో జాయింట్ ఖాతా తెరిచి, వెనక సీటుకు వెళ్లిపోతాడు.

పెళ్లికి ఎన్ని పొంతనలు చూస్తాం? కండక్టర్ చూసేది ఒక్కటే: దిగే చోటు. అది కలిస్తే చాలు, ముడి వేసేస్తాడు.

పూర్వం ఇవ్వాల్సిన బాకీ టికెట్ వెనక రాసిచ్చేవాళ్లు. అది ఒంటరి పద్ధతి. నీ టికెట్, నీ బాకీ, నీ ఏడుపు. ఇప్పటి పద్ధతిలో సంఘం ఉంది!

భద్రత మాట చెప్పాలా? నోటు ఒకరి జేబులో ఉంటే రెండో మనిషి కన్ను ఆ జేబు మీదే ఉంటుంది. ఏ సీసీ కెమెరా అంత శ్రద్ధగా చూస్తుంది?

ఒక్కోసారి ఆ పొంతనా చూడరు. నాకు తెలిసిన ఒకాయన పెద్దాపురంలో దిగాలి. ఆయనకు రావాల్సిన డెబ్బై రూపాయలు కలిసి ఉన్న నోటు కాకినాడ వెళ్లే మనిషి దగ్గర ఉంది. ఈయనా కాకినాడ వెళ్లాడు. తిరుగు బస్సులో టికెట్ కొంటే కండక్టర్ ఇంకొకరితో జత కలిపాడు. ఆ జత నరసాపురం మనిషి. మూడు నెలలైంది. ఇప్పటికి పదకొండు ఊళ్లు చూశాడు. పర్యాటక శాఖ ఇన్నేళ్లలో ఆయన్ని ఒక్క ఊరికైనా కదిలించిందా?

ఇక ఆదివారం నాటి బస్సు సంగతి. నేను ఆ ఇద్దరి వెనక సీట్లో ఉన్నాను.

కిటికీ పక్కన సామ్యేలు. కొత్తపేట దగ్గర పల్లె. రాజమండ్రిలో గుమాస్తా ఉద్యోగానికి రాత పరీక్ష ఉంది. గేటు 9.30కి మూస్తారు. వయసు లెక్క ప్రకారం అతనికి ఇదే ఆఖరి అవకాశం. పరీక్ష హాల్లోకి ఫోన్ రానివ్వరు కాబట్టి ఇంట్లో వదిలేశాడు. జేబులో హాల్ టికెట్, రెండు పెన్నులు, వంద నోటు. బస్సుకు యాభై, ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి పరీక్షా కేంద్రానికి ఆటోకు యాభై. సాయంత్రం బావ బండి మీద వచ్చి తీసుకెళ్తాడు. లెక్క వేసుకునే బయల్దేరాడు.

పక్కన అచ్చిబాబు గారు. రైతు. కాలిపోయిన మోటారు సామాను సంచిలో పెట్టుకుని రిపేరుకు తీసుకెళ్తున్నారు. ఆయనది బటన్ల ఫోన్.

"పెద్దాయనా, నోటు మీరుంచండి" అన్నాడు కండక్టర్.

"అబ్బే, ఆ బాబునే ఉంచమనండి" అన్నారు అచ్చిబాబు గారు.

"మీరుండగా నేనెందుకండి?" అన్నాడు సామ్యేలు.

జొన్నాడ వంతెన దాటేదాకా నోటు ఇద్దరి మధ్య సీటు మీదే ఉంది.

ముందు సీట్లో తలుపులమ్మ వెనక్కి తిరిగింది. "మా ఆడోళ్లకి సున్నా టికెట్టండి. సున్నాకి చిల్లర గొడవేముంటాది? ఆ నోటు మీకంత బరువైపోతే ఇటు పడెయ్యండి బాబూ! కడియపులంకలో దిగి మల్లెపూలు కొనుక్కుంటాను."

బస్సు నవ్వింది. అచ్చిబాబు గారు నోటు తీసి జేబులో పెట్టుకున్నారు.

తలుపులమ్మ మాటలో లెక్క ఉంది. ఆ బస్సులో యాభై ఎనిమిది మంది. నలభై నాలుగు సున్నా టికెట్లు, అంటే ఆడవాళ్ల ఉచిత ప్రయాణాలు. డబ్బిచ్చినవాళ్లు పద్నాలుగురు, అందులో పదకొండుగురు ఇచ్చింది వంద, లేదా ఆపైన. కండక్టర్ తల పైన పలక మీద ఇలా ఉంది: 'సరిపడా చిల్లర ఇచ్చి సహకరించండి.' పది రూపాయల నోటు నోట్ల ముద్రణాలయంలో కాక ప్రయాణికుల పెరట్లో కాస్తుందని మనకు ఇన్నాళ్లూ తెలియలేదు!

మోరంపూడిలో దిగబోతూ కండక్టర్‌ని అడిగాను, పొద్దున డ్యూటీ ఎక్కేటప్పుడు సంచిలో చిల్లర ఎంత ఇచ్చారని.

"చిల్లరా అండి? మిషనిచ్చారు. పేపర్ రోలిచ్చారు. చిల్లర ప్రయాణికులే తెస్తారన్నారు."

"ఫోన్‌తో కడితే తీసుకోరా?"

"ఎందుకు తీసుకోమండి! ఈ మిషను బస్టాండులో ఉన్నంతసేపూ బ్రహ్మాండంగా తీసుకుంటాది. బస్సు కదిలితేనే దానికి సిగ్నలుండదు."

అంటే ప్రయాణం చెయ్యనివాళ్లు టికెట్ కొనుక్కోవడానికి ఏ ఇబ్బందీ లేదన్నమాట. ఇంకేం కావాలి మనకు?

నేను దిగిపోయాను. ఆ తర్వాతది సామ్యేలు, అచ్చిబాబు గారు, ఆటో డ్రైవర్ పెదబాబు చెప్పింది. ముగ్గురి మాటలూ నిమిషాలతో సహా కలిశాయి.

9.05కి బస్సు కాంప్లెక్స్‌లో ఆగింది. అక్కణ్ణుంచి పరీక్షా కేంద్రం ఆటోలో పది నిమిషాలు.

9.07కి టీ కొట్టు. "వందకా? ఫోన్‌లో కొట్టండి బాబుగారూ" అన్నాడు కొట్టు మనిషి. ఒకరి ఫోన్ ఇంట్లో ఉంది. ఇంకొకరి ఫోన్‌కు బటన్లున్నాయి.

9.11కి పేపర్ల కొట్టు. లేదన్నారు. 9.14కి మొదటి ఆటో. లేదన్నాడు.

ఇక్కడ మన గోదావరి జిల్లాల గొప్పతనం బయటపడింది. ఇంకో ప్రాంతంలో అయితే ఇద్దరూ కొట్టుకునేవాళ్లు. 9.16కి అచ్చిబాబు గారు నోటు తీసి సామ్యేలు చేతిలో పెట్టారు.

"వందా మీరే ఉంచుకోండి బాబూ. పరీక్షకెళ్లండి."

"మీ యాభై నాకెందుకండి? తప్పండి."

"తప్పేంటండి? తర్వాతెప్పుడన్నా ఇద్దురు గాని."

"మీ ఊరేదో కూడా తెలీదండి నాకు."

అచ్చిబాబు గారు ఊరు చెప్పారు. వీధి చెప్పారు. ఇంటి గుర్తులు చెప్పారు. ఆ వీధి చివరే సామ్యేలు మేనత్త ప్రిస్కిల్లా ఉంటుందని తేలింది. "మన ప్రిస్కిల్లమ్మ మేనల్లుడివా నువ్వు!" అన్నారు ఆయన. మేనత్త మోకాళ్ల నొప్పులు తగ్గాయా అని అడిగాడు సామ్యేలు. తగ్గలేదని, అయినా మానకుండా వరి ఊడ్పులకు వస్తోందని చెప్పారు. ఆమె మేనల్లుణ్ణి ఏమీ తినకుండా పరీక్షకు పంపితే రేపు ముఖం ఎలా చూపించాలన్నారు. రెండిడ్లీలన్నా తినమన్నారు. సామ్యేలు వద్దన్నాడు. ఆయన మళ్లీ అడిగారు. అతను మళ్లీ వద్దన్నాడు.

చూశారా! బండెడు చిల్లర పోసినా ఇంత చుట్టరికం దొరుకుతుందా?

అప్పటికి 9.22 అయింది.

సామ్యేలు నోటు తిరిగి ఆయన జేబులో పెట్టాడు. "అయితే పద, నేనూ వస్తాను. అక్కడ మార్చుకుందాం" అని అచ్చిబాబు గారు మోటారు సంచితో సహా పెదబాబు ఆటో ఎక్కారు. చిల్లర ఉందా అని ఈసారి అడగలేదు. రెండు కొట్లలో, ఒక ఆటోలో లేదన్నాక ఇంకెందుకడుగుతారు?

ఆటో 9.33కి పరీక్షా కేంద్రం ముందు ఆగింది. గేటు 9.30కి మూశారు. సామ్యేలు హాల్ టికెట్ చువ్వల మధ్య నుంచి చూపించాడు. లోపలున్న కానిస్టేబుల్ గోడ మీది గడియారం చూపించాడు.

పెదబాబు వంద నోటు తీసుకున్నాడు. చొక్కా జేబులోంచి యాభై తీసి అచ్చిబాబు గారి చేతిలో పెట్టాడు.