సిగ్నే తుపాకీలో దిగని తూటాలు

ఓర్లిన్ తన భార్య సిగ్నే మీద కుట్ర పన్నింది సొంత గరాజులోనే, తూటాలు కట్టే బల్ల ముందు, చర్చిలో కూర్చున్నంత భక్తిగా.

కారణం చిన్నదేం కాదు. మోంటానా చలికాలం గడవడానికి వాళ్ళింటికి ఒక్క దుప్పి చాలు. ఏటా దాన్ని సిగ్నే కొడుతుంది, ఓర్లిన్ ఈడ్చుకొస్తాడు. ఆమె తుపాకీ ఎత్తితే దుప్పులే వచ్చి వరస కడతాయని ఊళ్ళో చెప్పుకుంటారు. అతన్ని మాత్రం ‘సిగ్నేగారి బండి’ అంటారు. మొన్న చర్చి విందులో పాస్టరుగారు కూడా అనేశారు. ఈ ఏడు ఒక్కసారైనా దుప్పిని తానే కొట్టాలని ఓర్లిన్ పంతం.

ఇద్దరి తుపాకులూ ఒకే రకం. కొట్లో సరుకు ఎప్పుడో అయిపోయింది కనుక ఇంట్లో కట్టిన తూటాలే దిక్కు. తూటా పేలాక దాని ఇత్తడి తొడుగు, పేల్చిన తుపాకీ కొలతకు ఉబ్బుతుంది. దాన్ని యంత్రంలో ఒళ్ళంతా నొక్కి మందు కూరితేనే ఇంకో తుపాకీలో దిగుతుంది. ఓర్లిన్ తన తుపాకీలో పేలిన తొడుగులే ఏరి, మెడ మాత్రం నొక్కి మందు కూరాడు; అవి ఇక అతని తుపాకీలోనే దిగుతాయి. తూటా పట్టని తుపాకీతో సిగ్నే ఇంట్లో కూర్చోక ఏం చేస్తుంది?

వేటకు ముందు సాయంత్రం సిగ్నే గరాజుకొచ్చింది. సరిచూడని తూటాను వేటకు తీసుకెళ్ళడం ఆమెకు ఇంటా వంటా లేని పని. తన తుపాకీలో తూటాను పేల్చే సూది ఊడదీసి, గొట్టం ఇసుక బస్తా వైపు తిప్పి, ఒక్కో తూటా వేసి, గొట్టం వెనక మూసే బోల్టు నొక్కింది. ఒక్కదానికీ మూసుకోలేదు.

ఓర్లిన్ చావింటికి పరామర్శకొచ్చినవాడిలా మొహం పెట్టాడు. యంత్రం పాతబడిందనీ, పాపం రేపు ఆమె ఇంటిపట్టునే ఉండాలేమోననీ గొణిగాడు.

సిగ్నే అతని తుపాకీ అందుకుని, దాని సూదీ తీసి, అవే తూటాలు వేసి చూసింది. వెన్నలో వేలు దిగినట్టు దిగాయి.

“నీ దాంట్లో పట్టాయయ్యా.”

“పట్టాయి కదే” అన్నాడు, సంతోషం అణుచుకోలేక.

ఆమె సూది బిగించి, ఆ తుపాకీని తన భుజానికి తగిలించుకుంది. తూటాలు తన కోటు జేబులో పోసుకుంది. తన తుపాకీ తీసి అతని చేతిలో పెట్టింది.

“కొట్టేది నేను కాబట్టి పట్టేది నాకుండాలి. నువ్వు దీన్ని మోసుకురా, చూసేవాళ్ళకు మర్యాదగా ఉంటుంది.”

కావాలనే చేశానంటే ఒక గొడవ. చేతకాక చేశానంటే ఏటేటా గొడవ. ఓర్లిన్ ఆమె తుపాకీనే భుజానికి తగిలించుకున్నాడు.

సిగ్నే గుమ్మం దగ్గర ఆగింది. “ఇన్నేళ్ళకు పని వచ్చిందయ్యా నీకు. దీంట్లో ఒక్కటి కూడా బిగుసుకోలేదు.”

పెళ్ళయ్యాక ఆమె అతని పనిని మెచ్చుకోవడం అదే మొదలు. ఓర్లిన్ చాలాసేపు ఆలోచించి, థాంక్స్ చెప్పాడు.