నాన్న వేషం

ఆ ఆదివారం ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు: రంగస్థల నటుడు గ్లేబ్ సవేల్యెవిచ్, ఆయన అక్క జీనా, కూతురు తాస్య, ఇంకా ఆయన కట్టిన వేషాల్లో నాలుగు, అంటే గుడ్డి రాజు, అడవి కాపలాదారు, పల్లెటూరి డాక్టరు, ఎప్పుడూ తాగి ఉండే వంటవాడు. ఓడ కెప్టెన్ వేషం మాత్రం ఇంట్లో లేదు. అది తాస్య తల్లిని వెంటబెట్టుకుని ఎక్కడో ఉత్తరాన సముద్రం ఒడ్డున కాపురం పెట్టింది. కెప్టెన్ కూడా గ్లేబ్ సవేల్యెవిచ్చే కాబట్టి విడాకులు అక్కర్లేదని కోర్టువారు తేల్చారు.

వోల్గా ఒడ్డునున్న ఆ ఊరికి ఇది వింతేమీ కాదు. నటుడు వేషాన్ని బాగా పండిస్తే, చప్పట్లు ఆగాక ఆ వేషం అతని వెనకే ఇంటికి వస్తుంది. కోటు విప్పి తగిలిస్తుంది, టీ అడుగుతుంది, పడుకోవడానికి చోటు వెతుక్కుంటుంది. తేలిపోయిన వేషం రాదు. అందుకే ఏ నటుడి వంటగదిలో తోపులాట ఎక్కువైతే అతనంత గొప్పవాడని లెక్క. పక్కవీధిలో ఒక పెద్దాయన చోటు చాలక స్నానాల తొట్టిలో పడుకుంటాడు. ఆయనకి బిరుదు ఇచ్చినప్పుడు ఎవరూ ఆశ్చర్యపోలేదు.

వచ్చిన వేషం ఉత్తినే రాదు, నటుడిలోంచి ఏదో ఒకటి పట్టుకెళుతుంది. రాజు ఆయన గొంతు తీసుకున్నాడు. అడవి కాపలాదారు నవ్వు తీసుకున్నాడు. డాక్టరు ఓపిక తీసుకుంటే వంటవాడు ఆకలి తీసుకున్నాడు. మిగిలిన గ్లేబ్ సవేల్యెవిచ్ పొయ్యి పక్కన స్టూలు మీద, రైలు కోసం కాచుకున్న ప్రయాణికుడిలా కూర్చుని ఉండేవాడు. కానీ తాస్య గదిలోకి రాగానే తలెత్తి, "పిచ్చుకా, వచ్చావా" అనేవాడు. ఆ పిలుపుని ఇంకా ఏ వేషమూ పట్టుకుపోలేదు. రాజుకీ వంటవాడికీ దానితో పనేముంది?

తాస్య నలుగురిలో నోరు విప్పే పిల్ల కాదు. బళ్ళో పాఠం అప్పజెప్పమంటే మెడ దాకా ఎర్రబడిపోయేది. రోజంతా ఎవరూ పలకరించకపోయినా, సాయంత్రం ఆ ఒక్క పిలుపు వింటే ఆమెకు సరిపోయేది.

ఆ ఆదివారం ఫిల్ము స్టూడియో మనిషి వచ్చి ఒక స్క్రిప్టు ఇచ్చి వెళ్ళాడు. గ్లేబ్ సవేల్యెవిచ్ కొన్ని పేజీలు చదివి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఏం వేషంరా?" అంది జీనా.

"నాన్న వేషం. పెళ్ళాం లేదు. ఒక్కతే కూతురు. ఆ పిల్లని పెంచుతాడు. కథంతా అంతే."

సూపు తాగుతున్న తాస్య చేతిలో చెంచా ఆగిపోయింది. "ఒద్దు నాన్నా," అంది.

"ఒద్దేంటే? సినిమా అది!" జీనా గయ్యిమంది. "ఇంకొక్క వేషం వస్తే ఇళ్ళ కమిటీవాళ్ళు మనకి రెండో గది ఇస్తారు. ఈ తాగుబోతు సన్నాసి ఎన్నాళ్ళని నా మంచం కింద పడుకుంటాడు?"

"మంచం కిందైతే పడిపోతామన్న భయం ఉండదక్కా," అన్నాడు వంటవాడు, అక్కడినుంచే.

తాస్య తండ్రి మోకాలు పట్టుకుంది. "పోనీ, చెడగొట్టు నాన్నా. కొంచెం చెడగొడితే చాలు. ఇంటికి రాకుండా ఉంటుంది."

ఆయన ఒళ్ళో ఉన్న స్క్రిప్టు తీసి బల్ల మీద పెట్టాడు. "చెడగొట్టడం నాకు చేతకాదే పిచ్చుకా," అన్నాడు. "అయినా చూస్తాలే." ఇలా అని కట్టెలు తేవడానికి పెరట్లోకి వెళ్ళాడు.

ఆ దేశపు నటులకి ఒక ఆచారం ఉంది. స్క్రిప్టు చేజారి నేల మీద పడితే, పడినచోటే దాని మీద ఒకసారి కూర్చుని, ఆ తర్వాతే తియ్యాలి. కూర్చోకుండా తీస్తే వేషం తేలిపోతుంది. ఎంత పెద్ద నటుడైనా సరే, ట్రాములో పడితే ట్రాములో, బురదలో పడితే బురదలో చతికిలబడాల్సిందే. తాస్య ఇది ఊహ తెలిసినప్పటినుంచీ చూస్తోంది. అందుకే తండ్రి అటు వెళ్ళగానే స్క్రిప్టుని బల్ల అంచుకి జరిపి మోచేత్తో తోసేసింది. కాగితాలు నేలంతా పరుచుకున్నాయి. గబుక్కున ఏరేద్దామని వంగింది.

ఒక్క సంగతి ఆమె ఆలోచించలేదు. ఇంట్లో ఉన్న నలుగురూ కూడా గ్లేబ్ సవేల్యెవిచ్చే.

చప్పుడు వినగానే అడవి కాపలాదారు తను పడుకునే పొయ్యి అరుగు మీదనుంచి దూకి కాగితాల మీద కూర్చున్నాడు. డాక్టరు పరిగెత్తుకుంటూ వచ్చి అతని పక్కన చేరాడు. "ఎక్కడ పడింది? మాకు కనబడదు, చెయ్యి పట్టుకోండి," అని గదమాయిస్తూ రాజు గోడ తడుముకుంటూ వచ్చి మిగిలిన చోటంతా ఆక్రమించాడు. "నేనెలాగూ కిందే ఉన్నాగా," అంటూ వంటవాడు మంచం కిందనుంచి దొర్లుకొచ్చాడు.

"లేవండి!" తాస్య ఒక కాగితం కొస పట్టుకుని లాగింది. "మీ కాళ్ళు మొక్కుతాను, లేవండి!"

"మా కిందనుంచి లాగకమ్మా, తప్పు," అన్నాడు రాజు, ఆమె తండ్రి గొంతుతో. "ఇది ఆచారం." అడవి కాపలాదారు ఆమె తండ్రి నవ్వు నవ్వాడు.

ఒక వేషం కోసం నలుగురు కూర్చోవడం ఆ ఊరి రంగస్థలం ఎరగని సంగతి. ఫలితం కూడా అలాగే వచ్చింది. వసంతంలో సినిమా విడుదలైంది. చూసొచ్చిన ట్రాము కండక్టర్లు టికెట్లు అడగడం మరిచిపోయారు. రొట్టెల కొట్టు దగ్గర ఆడవాళ్ళు క్యూ తప్పినా తిట్టుకోలేదు. కూతుళ్ళున్న తండ్రులు ఇళ్ళకి వెళ్ళి, ఏం చెయ్యాలో తెలియక ఆ కూతుళ్ళ బూట్లు తుడిచారు.

మర్నాడు పొద్దున తలుపు చప్పుడైతే తాస్యే తీసింది. ఎదురుగా పొడుగ్గా, నిటారుగా, బూడిదరంగు కోటులో ఒకాయన నిలబడి ఉన్నాడు. ఆయన చెయ్యి పట్టుకుని తాస్య వయసు పిల్ల ఒకతి ఉంది.

"చలిగా ఉంది పిచ్చుకా, లోపలికి పద," అన్నాడు ఆయన.

తాస్య లోపలికి తిరిగింది. ఆ మాట తనతో అన్నది కాదని ఒక్క క్షణం ఆగాక తెలిసింది. పరుగున పొయ్యి దగ్గరికి వెళ్ళి, "నాన్నా!" అని తండ్రి భుజం కుదిపింది.

గ్లేబ్ సవేల్యెవిచ్ తలెత్తి, సంతలో తప్పిపోయిన పిల్లని చూసినట్టు జాలిగా చూశాడు. "ఎవరమ్మాయివి తల్లీ?" అన్నాడు. "ఏడవకు. మీవాళ్ళు వస్తార్లే."

తాస్య ఏడవలేదు.

నిజానికి సినిమాలో కూతురి వేషం ఆ ఇంటికి రాకూడదు. అది కట్టిన అమ్మాయి ఇంటికి వెళ్ళాలి. కానీ ఆ అమ్మాయి విద్యార్థుల హాస్టల్లో ఉంటుంది. అక్కడ వేషాలకి ప్రవేశం లేదు. కాబట్టి విషయం తేల్చడానికి ఇళ్ళ కమిటీ కార్యదర్శి రిమ్మా ఫెదోతొవ్న వచ్చింది. ఆవిడ మంచి మనిషి. సినిమా అప్పటికే మళ్ళీ మళ్ళీ చూసింది.

"తండ్రి ఒక్కడు, పిల్ల పడక ఒక్కటి, కాబట్టి కూతురూ ఒక్కతే ఉండాలి," అంది ఆవిడ మెట్ల మీద గుమిగూడిన ఇరుగుపొరుగులతో. "ఈయన ఈ పిల్లని ప్రేమగా చూసుకోవడం ఎవరెవరు చూశారు?"

కొత్తపిల్ల కోసం మెట్లన్నిటి మీదా చేతులు లేచాయి.

"మరి ఆ పిల్లని?" అంటూ ఆవిడ తాస్యని చూపించింది.

జీనా చెయ్యి సగం లేచింది. అప్పుడే రిమ్మా ఫెదోతొవ్న చేతిలో రెండో గది తాళంచెవి ఆమె కంటబడింది. లేచిన చెయ్యి తలగుడ్డ సర్దుకుని దిగిపోయింది.

"నువ్వేమైనా చెప్పుకుంటావా అమ్మాయీ?"

తాస్య మెడ దాకా ఎర్రబడింది. "ఆయన... మా నాన్న," అంది ఎలాగో.

"అబ్బ, ఇదే మాట ఆ పిల్ల సినిమాలో ఎంత బాగా అందనీ!" అంటూ రిమ్మా ఫెదోతొవ్న కళ్ళు ఒత్తుకుంది. తాస్యని హాస్టలుకి పంపడం నిర్ణయమైంది. ఆమె వేషం కాదు కనక అక్కడ అభ్యంతరం ఉండదు.

సినిమా తండ్రి తాస్య కోటు తెచ్చాడు. గడప మీదుగా వస్తువు ఇవ్వకూడదు కాబట్టి తనే బయటికి వచ్చి తొడిగాడు. గుండీలు ఒక్కొక్కటీ మెడ దాకా పెట్టాడు. అంత శ్రద్ధగా ఆమెకి ఎవరూ ఎప్పుడూ గుండీలు పెట్టలేదు. ఆ చేతులు వెచ్చగా ఉండటం ఆమెని అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది. ఆయన లోపలికి వెళ్ళి నిలబడి ఆమెని కళ్ళనిండా చూశాడు. వెనక పొయ్యి పక్కన గ్లేబ్ సవేల్యెవిచ్ చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకుంటున్నాడు, టికెట్టు కొనుక్కుని వచ్చిన ప్రేక్షకుడిలా. తలుపు నెమ్మదిగా, ఎంతో బాధగా మూసుకుంది.

మెట్లన్నిటి మీదా చప్పట్లు మోగాయి.

"మూయడమంటే అదీ!" అంది రిమ్మా ఫెదోతొవ్న.

"ఇంకోసారి!" అని పై అంతస్తునుంచి ఎవరో అరిచారు.

తలుపు తెరుచుకుంది. తాస్య ఒక అడుగు ముందుకు వేసింది. ఆయన గుండె మీద చెయ్యి పెట్టుకుని, ఆమె తల మీదుగా జనానికి వంగి దణ్ణం పెట్టి, ఈసారి ఇంకా నెమ్మదిగా మూశాడు.