ఒంటి బుట్ట జట్టుకు ప్రమోషన్

మనిషి కనిపెట్టిన వ్యవస్థలన్నిటిలోకీ గొప్పది మెట్లు. తాను పైకి ఎక్కుతున్నాడో, కాళ్ల కింద నేలను ఎవరైనా లాగేస్తున్నారో మనిషికి తెలియకుండా చేయగల శక్తి మెట్లకు మాత్రమే ఉంది. సింగపూర్‌లోని ఒక అంతర్ కళాశాలల బాస్కెట్‌బాల్ సమాఖ్య ఈ సత్యాన్ని గ్రహించి, తన పోటీలకు రెండు మెట్లు కట్టించింది. వాటికి మొదటి డివిజన్, రెండో డివిజన్ అని పేర్లు పెట్టింది. (మూడో మెట్టు గురించి ఆలోచించడానికి ఉపసంఘం వేశారు గాని, దానికి కూర్చోవడానికి గది దొరకలేదు.)

బెడోక్‌లోని ఈస్ట్ హార్బర్ కాలేజీ అమ్మాయిల జట్టు కింది మెట్టు మీద ఉండేది. ఎన్ని సీజన్లు గడిచినా ఆ జట్టుకు బోణీ కాలేదు.

బోణీ అన్న మాట జట్టు గౌరవ మేనేజరు సాంబశివరావుది. ఆయన తెనాలి నుంచి వచ్చి సెరంగూన్ రోడ్డులో రెడీమేడ్ బట్టల కొట్టు పెట్టుకున్నవాడు. జట్టుకు జెర్సీలు కుట్టించి ఇస్తే, కాలేజీవారు ఈ పదవిని కొసరుగా వేశారు. కూతురు అక్షర ఆ జట్టు కెప్టెన్ కావడంవల్ల ఆయన కాదనలేదు. లోకంలో దేన్నయినా ఆయన కౌంటరు వెనకనుంచే చూసేవాడు. స్నేహం అరువు, కోపం దండగ ఖర్చు, ఓటమి కదలని సరుకు. సరుకు కదలకపోతే సరుకును మార్చక్కర్లేదు, అర మార్చాలి అన్నది ఆయన సిద్ధాంతం. కింది అరలో ఎవరూ ముట్టని చొక్కాను పై అరలో పెడితే, కొనేవాడు మెడ ఎత్తి చూస్తాడు. మెడ నొప్పెట్టేలా చూసిన వస్తువును నాసిరకం అనడానికి ఎవరికీ మనసొప్పదు.

జట్టు కోచ్ మజహర్. హైదరాబాదు మనిషి, కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాడు. ఎత్తు చూసి ఆయన్ని కోచ్‌ను చేశారు. తనకు వచ్చిన ఆట క్యారమ్స్ ఒక్కటేనని ఆయన మొరపెట్టుకున్నాడు గాని, దానికి ఎత్తుతో పనిలేదని ప్రిన్సిపాల్ ఆ మనవిని తోసిపుచ్చాడు.

అది కంప్యూటర్ల కాలం. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని వణికిన లోకం, అవి ఆగకపోయేసరికి ఆ సంతోషంలో మరిన్ని కొంటోంది. ఈస్ట్ హార్బర్ కాలేజీలో ముందు సంగీతం గది కంప్యూటర్ ల్యాబ్ అయింది. తర్వాత గ్రంథాలయం. తర్వాత సగం క్యాంటీన్. (ఒక సగంలో నూడుల్స్, ఇంకో సగంలో ప్రోగ్రామింగ్ వడ్డించేవారు. రెండూ చల్లారాకే అందేవి.) చివరికి ప్రిన్సిపాల్ చూపు బాస్కెట్‌బాల్ కోర్టు మీద పడింది. ఆయన స్థల సద్వినియోగ విధానం ప్రకటించాడు. దాని ప్రకారం, మొదటి డివిజన్‌లో ఉన్న ఆటకు మాత్రమే కాలేజీలో స్థలం ఉంటుంది.

"నాన్నా, కోర్ట్ పోతే వేర్ డు వి ప్లే?" అంది అక్షర అన్నం కలుపుతూ.

"వేరే ఆట చూసుకోకూడదూ? చెస్ ఉంది. బల్ల చాలు."

"చెస్‌లో అరవకూడదు కదా నాన్నా."

సాంబశివరావు మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. ఇంట్లో పది మాటలకు ఒక మాట బదులిచ్చే పిల్ల, కోర్టులో బంతి తగలగానే గొంతు చించుకుని అరుస్తుంది. ఆ అరుపు వినడానికే ఆయన వారానికోసారి కొట్టు పెందలాడే కట్టేసేవాడు. (ఆ పూట బేరాలు లేవని తనకు తానే సర్దిచెప్పుకునేవాడు.) ఈ ఒక్క ఖాతాలో లాభమెంతో ఆయన ఎన్నడూ చూసుకోలేదు. చూసుకోనిదాన్ని పోగొట్టుకోవడం ఆయనకు అలవాటు లేదు.

మొదటి డివిజన్‌కు చేరాలంటే గెలవాలి. ఆ దారి మూసి ఉందని అందరికీ తెలుసు. రెండో దారి ఉందని మాత్రం, అది తెరుచుకునేదాకా ఎవరికీ తెలియదు.

సమాఖ్య వార్షిక సమావేశం టోవా పాయోలోని ఒక హాలులో జరిగింది. ముందు వరసలో మొదటి డివిజన్ కాలేజీలకు మెత్తటి కుర్చీలు, వెనక రెండో డివిజన్‌కు ప్లాస్టిక్ స్టూళ్లు. సాంబశివరావు ఆలస్యంగా వచ్చాడు, పైగా ఆకలిగా ఉన్నాడు. ఊళ్లో అందరూ చేసేదే ఆయనా చేశాడు. జేబులోంచి టిష్యూ ప్యాకెట్ తీసి, దగ్గర్లో కనిపించిన ఖాళీ కుర్చీలో పెట్టి, కింద తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌కు వెళ్లాడు. ఇలా సీటు పట్టుకోవడాన్నే అక్కడ చోప్ చేయడం అంటారు. ఈ నగరంలో పర్సు వదిలేస్తే ఎవరైనా తీసి పోలీసులకు ఇస్తారేమో గాని, కుర్చీలో పెట్టిన టిష్యూ ప్యాకెట్‌ను మాత్రం ఎవరూ కదపరు.

ఆ కుర్చీ ముందు వరసలోది. అందులో కూర్చోవలసిన కాలేజీ జట్టు మొత్తం చదువు మానేసి ఇంటర్నెట్ కంపెనీ పెట్టుకుంది. మొదటి డివిజన్‌లో వచ్చిన ఆ ఖాళీని ఎలా నింపాలన్నదే ఆ రోజు సమావేశంలో మొదటి అంశం. కార్యదర్శి క్వెక్ కుర్చీ దాకా వచ్చి, టిష్యూ ప్యాకెట్ చూసి, ఆగిపోయాడు. దాన్ని తీసే అధికారం ఎవరికి ఉందో నిబంధనల్లో వెతికారు. అధ్యక్షుడికి లేదు. సర్వసభ్య సమావేశానికీ లేదు. పెట్టినవాడు వచ్చేదాకా ఆగాలని ఏకగ్రీవంగా తీర్మానించారు.

సాంబశివరావు మూతి తుడుచుకుంటూ తిరిగొచ్చేసరికి హాలంతా లేచి నిలబడి ఉంది.

"మిస్టర్ రావు, ఈ టిష్యూ మీదేనా?" అన్నాడు క్వెక్.

"నాదే."

"ఈ సీటు మీకు కావాలా?"

వెనక స్టూలు మీద కూర్చుంటే నడుం పట్టేస్తుందన్న సంగతి సాంబశివరావుకు పోయినేడాది అనుభవం. "కావాలి" అన్నాడు.

"ఓకే. రికార్డెడ్."

అందరూ చప్పట్లు కొట్టారు. వెనకనుంచి మజహర్ వంగి వంగి వచ్చి, ఆయన చెవిలో "సాంబన్నా, మనం మొదటి డివిజన్ల పడ్డం" అన్నాడు.

"పడ్డమేంటయ్యా? ఎక్కాం."

"నాకు ఆట తెల్వదు గాని అన్నా, మనది ఎక్కుడు గూడ పడ్డట్టే ఉంటది."

సాంబశివరావు టిష్యూ ప్యాకెట్ జేబులో పెట్టుకుని మెత్తటి కుర్చీలో కూర్చున్నాడు. పొరపాటున వచ్చిన బేరాన్ని సరిదిద్దేవాడు వ్యాపారి కాదు. పైగా సరుకు తనంతట తానే పై అర ఎక్కి కూర్చుంది. ఆ రాత్రి అక్షర ఆయన్ని వాటేసుకుని, "నాన్నా, కోర్ట్ సేఫ్ లా!" అని సింగపూర్ యాసలో అరిచింది. ఇంట్లో ఆ పిల్ల అరవడం అదే మొదలు. బేరం గిట్టిందని ఆయన ఖాయం చేసుకున్నాడు.

మరుసటి వారం సమాఖ్య నుంచి తనిఖీ అధికారి వచ్చాడు. మొదటి డివిజన్ కాలేజీకి ఉండవలసిన సౌకర్యాలు ఇలా సెలవిచ్చాడు: విలేకరుల గది, ప్రముఖులకు విశ్రాంతి స్థలం, స్కోరును ఎప్పటికప్పుడు ఇంటర్నెట్‌లో పెట్టే కేంద్రం.

"ఆడేవాళ్లకేం కావాలంటారు?" అని అడిగాడు సాంబశివరావు.

"అవి రెండో డివిజన్ విషయాలు. మొదటి డివిజన్‌లో అవి ఉన్నట్టే లెక్క."

కాలేజీలో ఇంకా కంప్యూటర్లు ఆక్రమించని స్థలం కోర్టు ఒక్కటే. కాబట్టి కోర్టును కాపాడే సౌకర్యాలన్నీ కోర్టులోనే కట్టడం మొదలుపెట్టారు. విలేకరుల గది వచ్చి ఒక పక్క గీతను మింగింది. (విలేకరులు రాలేదు. గది పూర్తయిందన్న వార్త మాత్రం కాలేజీ పత్రికలో వచ్చింది.) ప్రముఖుల సోఫాలు వచ్చి మధ్య వలయం మీద కూర్చున్నాయి. మిగిలింది ఇంటర్నెట్ కేంద్రం. దానికి రెండు బుట్టల్లో ఒకటి తీసేయాలి. ఏది తీయాలన్నది అధికారి తన ఇష్టానికి వదలకుండా, వినియోగ ఆడిట్ జరిపించాడు. పాత మ్యాచ్‌ల టేపులు వేసి చూశారు. ప్రత్యర్థులు బంతి వేసే బుట్ట తెరపి లేకుండా పనిచేస్తోంది. ఈస్ట్ హార్బర్ బంతి వేయవలసిన బుట్ట దాదాపు కొత్తగానే ఉంది. వాడకంలో లేని ఆ బుట్టను తొలగించాలని నివేదిక తేల్చింది.

మజహర్ ధైర్యం చేసి చెయ్యెత్తాడు. "సార్, సగం ఆట అయినంక వైపులు మారుస్తరు గద. రెండో సగంల మావోళ్లు ఏసేది గా ఉన్న బుట్టలనే."

"ఆడిట్ పరిధి మొదటి సగం వరకే" అన్నాడు అధికారి మర్యాదగా.

బుట్ట ఊడింది. స్తంభం ఉన్నచోట కంప్యూటర్లు దిగాయి. వెబ్‌సైటు తెరిచారు. కోర్టు ఫొటో పెట్టడానికి కెమెరాలో పట్టేంత దూరం జరగడానికి చోటు లేక, వేరే దేశపు కోర్టు ఫొటో పెట్టారు.

మిగిలిన జాగాలో అమ్మాయిలు ఎదురెదురుగా నిలబడితే ముక్కులు తగిలేవి. అక్షర జట్టును తీసుకుని తమ ఫ్లాట్ల కింది ఖాళీ అంతస్తుకు వెళ్లింది. అక్కడ స్తంభానికి 'బంతి ఆటలు నిషేధం' అని బోర్డు ఉంది. సింగపూర్‌లో పుట్టి పెరిగిన పిల్లలు కాబట్టి దాన్ని అక్షరాలా పాటించి, బంతి లేకుండా సాధన మొదలుపెట్టారు. లేని బంతిని అందుకునేవారు, లేని బంతిని విసిరేవారు, లేని బుట్టకేసి ఎగిరేవారు. అక్కడ బెంచీల మీద కూర్చునే ముసలమ్మలు ఇదేదో కొత్తరకం తైచీ వ్యాయామం అనుకుని వెనక వరసలో చేరారు. వాళ్లకు మోకాళ్ల నొప్పులు తగ్గాయి. జట్టుకు వచ్చిన తొలి ఫలితం అదే.

"అరవడంలేదేమే?" అని అడిగాడు సాంబశివరావు ఒకసారి, పక్కన నిలబడి చూస్తూ.

"బంతి లేదు కదా నాన్నా. దేనికి అరవాలి?"

మొదటి డివిజన్‌లో తొలి మ్యాచ్ ప్రత్యర్థి కాలేజీ హాలులో జరిగింది. బంతి పైకి లేచేదాకా ఈస్ట్ హార్బర్ అమ్మాయిలకు ఎదురులేదు. అడుగులు, మలుపులు, ఎగరడాలు చూసి అవతలి కోచ్ ముఖం పాలిపోయింది. బంతి రాగానే ఆ భయం తీరిపోయింది. అక్షరకు అది ఇటుకలా బరువుగా తోచింది. స్కోరు బోర్డు ఒకవైపే తిరిగి తిరిగి వేడెక్కింది. రెండో సగంలో ఎప్పుడో, అందరూ గడియారం చూసుకుంటున్నప్పుడు, అక్షర దూరం నుంచి విసిరిన బంతి బుట్టలో పడింది. అక్షర అరిచింది. ప్రత్యర్థులు ఉలిక్కిపడి వెనక్కి తిరిగేంతగా అరిచింది. సాంబశివరావు లేచి నిలబడి, పక్కనున్న ముక్కూమొహం తెలియని చీనా పెద్దాయన చెయ్యి పట్టుకుని, "మా అమ్మాయే" అన్నాడు తెలుగులో.

ఇంటికి వెళ్లే రైల్లో ఆయన లెక్క వేశాడు. పేరు పెరిగింది. వెబ్‌సైటు పెరిగింది. సోఫాలు వచ్చాయి. పోయింది మాత్రం ఏ ఖాతా కోసం ఈ బేరం చేశాడో అదే, వారానికోసారి వినే ఆ అరుపు. పై అరలో పెట్టిన చొక్కా అందంగానే ఉంటుంది, కాకపోతే తొడుక్కోవలసినవాడికి అందదు. తెనాలిలో ఎవరూ చెప్పని ఈ సంగతి ఆయనకు పాసిర్ రిస్ వెళ్లే రైల్లో తట్టింది. (రైలు తాను దిగవలసిన బెడోక్ దాటిపోయిన సంగతి మాత్రం ఆలస్యంగా తట్టింది.)

సీజన్ ముగిసేసరికి జట్టు అన్ని మ్యాచ్‌లూ ఓడి అట్టడుగున నిలిచింది. ఈలోగా ఇంటర్నెట్ కంపెనీలు వచ్చిన దారినే పోవడం మొదలుపెట్టాయి. కాలేజీ ల్యాబుల్లో సగం కంప్యూటర్లకు ముసుగులు కప్పారు. ప్రిన్సిపాల్ కూడా మెత్తబడి, స్థల సద్వినియోగ విధానాన్ని పక్కన పెట్టాడు. రెండో డివిజన్‌లోకి దిగినట్టు సమాఖ్య కాగితం తెస్తే గదులతో పనిలేదు గనుక, గోడలు పడగొట్టించి కోర్టు తిరిగి ఇప్పిస్తానన్నాడు. చివరి జట్టు కిందికి దిగడం నియమమే. నష్టం కూడా చివరిదాకా పట్టుకుంటే లాభంలోకి మారుతుందని సాంబశివరావుకు రూఢి అయింది. ఆ సాయంత్రం అక్షర జట్టంతటికీ ఐస్‌క్రీమ్ తినిపించి, "వి ఆర్ గోయింగ్ డౌన్!" అని కేకలు వేసింది. మజహర్ కళ్లు తుడుచుకున్నాడు. కోచ్‌గా ఆయన అనుకున్నది సాధించడం అదే మొదటిసారి.

కాగితం కోసం తండ్రీకూతుళ్లిద్దరూ క్వెక్ ఆఫీసుకు వెళ్లారు. క్వెక్ వాళ్లను కూర్చోబెట్టి, నిబంధనలు విప్పి, చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ చదివాడు.

"సారీ మిస్టర్ రావు. కెన్నాట్ లా."

"చిట్టచివర్న ఉన్నాం కదండీ!"

"చివర్న ఉన్నారు, నిజమే. మొదటి డివిజన్ మిమ్మల్ని వదిలేస్తుంది. రెండో డివిజన్ తీసుకోవాలి కదా. అక్కడ కనీస అర్హతలున్నాయి. పూర్తి కోర్టు ఉండాలి. రెండు బుట్టలుండాలి. బంతితో సాధన చేసిన జట్టు అయి ఉండాలి."

"అంకుల్, మీరు కాగితం ఇస్తేనే మా కోర్ట్ మాకిస్తారు" అంది అక్షర. ఆ పిల్ల గొంతులో అరుపు మొదలవబోయి ఆగిపోయింది.

"కోర్టు వస్తేనే కదమ్మా నేను కాగితం ఇవ్వగలను."

క్వెక్ మంచివాడు. అమ్మాయి ముఖం చూసి ఆయనకు జాలి వేసింది. బల్ల చుట్టూ తిరిగి వచ్చి, సాంబశివరావు భుజం మీద చెయ్యి వేశాడు.

"తొందరపడకండి మిస్టర్ రావు. ఇంకొన్నాళ్లు మొదటి డివిజన్‌లోనే ఉండి కష్టపడండి. నెమ్మదిగా రెండో డివిజన్ స్థాయికి ఎదుగుతారు."