డార్సీ వాటా బలోనీ

గుండెపోటు వచ్చి బతికి బయటపడిన మగవాడి కోసం ఇంట్లో రెండో గుండెపోటు కాచుకుని ఉంటుందనీ, అది ఏప్రన్ కట్టుకుని వంటింట్లోనే తిరుగుతుంటుందనీ ఎస్టిల్‌కి ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే తెలిసింది.

భార్య ఒలేటా అతన్ని కుర్చీలో కూర్చోబెట్టింది. కాళ్ళ మీద దుప్పటి కప్పింది. మంచినీళ్ళు ఇచ్చింది. ఆ తర్వాత అతని కళ్ళెదుటే ఫ్రిజ్ తలుపు తీసి, కాగితంలో చుట్టిన బలోనీని బయటికి లాగింది. పంది మాంసాన్నీ కొవ్వునీ మెత్తగా నూరి, ముంజేతి లావున దిమ్మ చేసి, ఎర్ర తోలు తొడిగి అమ్మే ఆ బలోనీని ఈ బొగ్గు కొండల్లో పుట్టినవాడు పళ్ళు రాకముందే చప్పరించడం మొదలుపెడతాడు, పళ్ళు ఊడాక కూడా మానడు. ఆమె దాన్ని చచ్చిన ఎలకను పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకెళ్ళి పెరట్లో కుక్కకు వేసింది.

"కుక్కకి గుండె లేదా?" అన్నాడు ఎస్టిల్.

"ఉంది. దానికి డాక్టరు లేడు."

మర్నాటి నుంచి పొద్దున ఓట్సు జావ, మధ్యాహ్నం ఉడికించిన క్యాబేజీ, సాయంత్రం పొద్దుటి జావకు చుట్టంలా కనిపించే ఇంకో జావ.

"ఇది తిని బతికేకంటే..." అన్నాడు ఒక రోజు.

"బతికేకంటే?" అంటూ ఒలేటా గరిటెతో సహా ఇటు తిరిగింది.

"బాగుంది అంటున్నాను. ఇంకాస్త వెయ్యి."

పన్నెండు రోజులు గడిచేసరికి అతనికి పథకం తట్టింది.

"డార్సీ దగ్గరికి వెళ్ళొస్తాను" అన్నాడు.

డార్సీ అతని అన్న. గని కప్పు కూలి పోయాడు. ముప్పై ఒక్క ఏళ్ళయింది. సమాధి చర్చి వెనక కొండ మీద ఉంది.

"ఏడాదికోసారి పూలు పెట్టడానికి నేను చెయ్యి పట్టి లాగితే గానీ కదలని మనిషివి. ఇప్పుడేం పుట్టింది?"

"డాక్టరు నడవమన్నాడుగా."

"కొండలెక్కమన్నాడా?"

"మెల్లగా ఎక్కుతాను. చావు గుమ్మం దాకా వెళ్ళి వచ్చినవాణ్ణి ఒలేటా! సొంత అన్న గుర్తుకు రాడా?"

ఒలేటా గరిటె పక్కన పెట్టింది. ఏప్రన్ అంచుతో కళ్ళు తుడుచుకుంది. ఆ కన్నీళ్ళు చూసి సిగ్గుపడవలసిన క్షణంలో ఎస్టిల్ ఉల్లిపాయ ఇంట్లోంచి తీసుకెళ్ళాలా, కొట్లో కొనాలా అని ఆలోచిస్తున్నాడు.

కొండ కింద హోబర్ట్ కొట్టుంది. హోబర్ట్ చర్చి పెద్ద కూడా. వారమంతా మాంసం కోసి ఆదివారం కానుకల పళ్ళెం తిప్పుతాడు.

"బలోనీ ఒక ముక్క కొయ్యి. వేలు మందాన."

"ఒలేటాకి తెలిస్తే ఇదే కత్తితో నన్ను కోస్తుంది" అన్నాడు హోబర్ట్.

"నువ్వు చెబితేగా!"

హోబర్ట్ గడ్డం గోక్కున్నాడు. లోపలికి వెళ్ళి చాలాసేపటికి వచ్చాడు. ఇవాళ కత్తి పదునుగా లేదు, రేపు రమ్మన్నాడు. ఆ మర్నాటి నుంచీ ముక్క కోసి, కాగితంలో చుట్టి సిద్ధంగా ఉంచేవాడు.

"తోలు తీసేసి ఇస్తున్నావేం?"

"గుండె జబ్బు మనిషివి. నీకెందుకు శ్రమ!"

లోకంలో మంచితనం ఇంకా ఉందనుకున్నాడు ఎస్టిల్.

డార్సీ సమాధి రాతి వెనక పొదలో చేపల వేటకు తీసుకెళ్ళే చిన్న గ్యాసు పొయ్యి, ఇనుప పెనం దాచాడు. ముక్కకు మధ్య నుంచి అంచు దాకా ఒక గాటు పెట్టేవాడు. అది పెట్టకపోతే బలోనీ పెనం మీద టోపీలా పైకి లేస్తుంది. అంచులు ఎర్రబడ్డాక తీసి, తెల్ల రొట్టెల మధ్య ఆవముద్ద, ఉల్లిపాయ చక్రం వేసి మూసేవాడు. సగానికి కోసేవాడు. ఒక సగం తినేవాడు. రెండో సగం సమాధి రాతి మీద పెట్టేవాడు.

మొదటి సగం ఏ ముసలివాడికైనా ఉండే జిహ్వచాపల్యమే. రెండో సగం సంగతి ఎస్టిల్ ఎవరికీ చెప్పలేదు.

గనిలో దిగినవాడు ఎవడూ తన క్యారేజీ పూర్తిగా ఖాళీ చెయ్యడు. ఏ పూట కప్పు కూలుతుందో, ఎన్నాళ్ళు లోపల చిక్కుకోవాలో తెలియదు. అందుకని సగం మిగిల్చి ఉంచుతాడు. ఆ రోజు డార్సీ గని కప్పుకు బోల్టులు బిగించడానికి అవతలికి వెళ్ళినప్పుడు, ఎస్టిల్ సరదాకి అతని క్యారేజీ తెరిచి ఆ సగం బలోనీ రొట్టె తినేశాడు. మూత పెట్టి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ అన్న సామాను పక్కనే పెట్టాడు. సాయంత్రం మూత తీసినప్పుడు అన్న మొహం ఎలా ఉంటుందో చూడాలని అతని సరదా.

గంట తిరక్కుండా కప్పు కూలింది. ఎస్టిల్ ఇవతల, వచ్చి సామాను తీసుకెళ్ళిన డార్సీ, అతని క్యారేజీ అవతల. రాళ్ళు తియ్యడానికి రెండు రోజులు పట్టింది. చెడుగాలి పీల్చి మొదటి కొన్ని గంటల్లోనే పోయి ఉంటాడనీ, ఆకలితో కాదనీ అధికారులు చెప్పారు. ఊరంతా నమ్మింది. ఎస్టిల్ కూడా నమ్మాడు. కానీ బయటికి తెచ్చిన క్యారేజీని అతను చూశాడు. దాని మూత తీసి ఉంది.

ఇప్పుడు అన్న పేరు చెప్పి బలోనీ తింటున్నాడో, బలోనీ పేరు చెప్పి అన్న దగ్గరికి వెళుతున్నాడో అతనికే తేలలేదు. ఒక్కో రోజు మొదటిదనిపించి సిగ్గేసేది. ఒక్కో రోజు రెండోదనిపించి భయమేసేది. మొదటిదే నయమనుకునేవాడు. రాతి మీద పెట్టిన సగాన్ని రాత్రిళ్ళు తిరిగే ఏ రకూను జంతువో తిని పోతోందని అతనికి తెలుసు. అయినా మర్నాడు ఖాళీ రాయి కనిపించగానే ఛాతీలో ఏదో కాస్త సర్దుకునేది. అది గుండెలో వేసిన స్టెంట్ల మహిమా, మరొకటా అని డాక్టర్ని అడగడం ఎలాగో తెలియలేదు.

నాలుగు నెలలు ఇలా నడిచింది. ఐదో నెల మొదట్లో పాస్టరు క్లెల్ కొండ దారిలో ఎదురయ్యాడు. పొడుగాటి మనిషి. జాలిపడితే ఇంకా వంగి మరీ జాలిపడతాడు.

"రోజూ పైకెళ్ళి ఏం చేస్తున్నావు బ్రదర్ ఎస్టిల్?"

కోటు లోపల బలోనీ పొట్లం పొట్టకు చల్లగా తగులుతోంది. "అన్నతో మాట్లాడుతుంటానండీ" అన్నాడు ఎస్టిల్.

"జవాబిస్తాడా?"

లేదంటే ఇంకో అరగంట ప్రార్థన తప్పదు. రొట్టె మెత్తబడిపోతుంది.

"అప్పుడప్పుడు" అన్నాడు.

మనిషి జీవితంలో పెద్ద అబద్ధాలన్నీ ఆలోచించి ఆడేవి కావు, తొందరలో ఆడేవి. ఆదివారం పాస్టరు ఆ ఒక్క మాటను పట్టుకుని గంటన్నర ప్రసంగం చేశాడు. ఆడవాళ్ళు ఏడ్చారు. రెండో వరసలో కూర్చున్న డార్సీ భార్య జెల్లా మాత్రం ఏడవలేదు. మెడ తిప్పి ఎస్టిల్ వైపు చూసింది. ప్రసంగం అయ్యేదాకా చూస్తూనే ఉంది.

మంగళవారం మధ్యాహ్నం ఎస్టిల్ పెనంలో ముక్క వేసి, ఒక సగం తిని, రెండో సగం రాతి మీద పెట్టి, సాహసం చేసి రెండో ముక్క కూడా వేశాడు. అంతలో కింద నుంచి పాట వినిపించింది. తొంగి చూశాడు. చర్చి మొత్తం కొండెక్కి వస్తోంది. ముందు పాస్టరు, వెనక ఆడవాళ్ళు, హోబర్ట్, అందరికంటే వెనక చేతులు స్వెటర్ జేబుల్లో పెట్టుకుని ఒలేటా.

పొయ్యి ఆర్పి పొదలోకి తన్నాడు. రాతి మీది సగం మీద టోపీ బోర్లించాడు. సలసల కాగే పెనాన్ని ఏం చెయ్యాలో తెలియక సమాధి మీది ప్లాస్టిక్ పూల కిందికి తోశాడు. తోసి, చేతులు జోడించి కళ్ళు మూసుకున్నాడు.

"చూడండి, ప్రార్థనలో ఉన్నాడు" అన్నాడు పాస్టరు గొంతు తగ్గించి.

"బ్రదర్ ఎస్టిల్, నువ్వొక్కడివే ఈ బరువు మొయ్యనక్కర్లేదు. మేమందరం వచ్చాం" అన్నాడు మళ్ళీ.

"అదేనండీ నా భయం" అనబోయి "ధన్యుణ్ణి" అన్నాడు ఎస్టిల్.

గులాబీలు ఒకటొకటిగా తలలు వాల్చాయి. లిల్లీలు కరిగి గులాబీల మీద పడ్డాయి. నల్లటి పొగ సన్నగా లేచింది. దాని వెనక, ఎంత ప్లాస్టిక్ కాలినా దాగని వేపుడు వాసన కొండంతా పరుచుకుంది.

జెల్లా ఉన్నచోటే ఆగిపోయింది.

"అది ఆయన క్యారేజీ వాసన" అంది. "డార్సీ వచ్చాడు."

పాస్టరు "హల్లెలూయా!" అన్నాడు. ఇద్దరు ముసలమ్మలు మోకాళ్ళ మీద పడ్డారు. ఎవరో పాట ఎత్తుకున్నారు. హోబర్ట్‌కు మాత్రం దగ్గు వచ్చింది.

జెల్లా వచ్చి ఎస్టిల్ మోచెయ్యి పట్టుకుంది.

"అబ్బాయ్, ఆయన నీతో మాట్లాడుతున్నాడట. నాకొక్క మాట అడిగిపెట్టు. ఆ రోజు పొద్దున మేం పోట్లాడుకున్నాం. నాతో పలకకుండా వెళ్ళిపోయాడు. ఇంకా కోపంగానే ఉన్నాడా? అది అడుగు చాలు."

ఎస్టిల్ ఆమె మొహం చూశాడు. ఔనన్నా కాదన్నా చనిపోయినవాడి నోట తను మాట పెట్టాలి. ముప్పై ఒక్క ఏళ్ళ కిందట ఆ నోటి ముందు నుంచి తీసింది చాలదా అనిపించింది.

"వదినా, వాడు నాతో మాట్లాడడు" అన్నాడు. "ఎప్పుడూ మాట్లాడలేదు. ఆ వాసన వాడిది కాదు. నేనిక్కడ బలోనీ వేయించుకు తింటున్నాను."

పాట మధ్యలో ఆగిపోయింది. పాస్టరు వంగి ఉన్నవాడల్లా నిటారయ్యాడు.

అక్కడితో ఆపి ఉంటే తిండిపోతుగా బయటపడేవాడు. కానీ ఆగలేకపోయాడు. క్యారేజీ సంగతి చెప్పాడు. సరదా సంగతి చెప్పాడు. మూత తీసి ఉన్న సంగతి చెప్పాడు. చెబుతూ పోతుంటే అది చాలా చిన్న కథ అని తెలిసింది. ఇన్నేళ్ళూ లోపల కొండంత ఉన్నది నాలుగు ముక్కల్లో అయిపోయింది.

కాలిపోయిన పూల మీంచి ఒక బుడగ లేచి పగిలింది.

"ఆ సగం ఆయనది కాదు" అంది జెల్లా.

"ఏంటి వదినా?"

"నాది. ఏ రోజుకారోజు మిగిలిన సగం ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టేవాడు. నేను తినేదాన్ని. బొగ్గు వాసన వేసేది. పోట్లాడుకున్న రోజున కూడా, మాట్లాడకుండా తెచ్చి పెట్టేవాడు. అదే మాకు రాజీ." ఊపిరి తీసుకుంది. "ఆ రోజు నేను దాని కోసం చూశాను."

ఎస్టిల్ రాతి మీది టోపీ వైపు చూశాడు.

"నా వాటా నువ్వు తిన్నావు. ఇన్నాళ్ళూ తెచ్చి ఆయనకి పెడుతున్నావు. ఏదీ?"

అతను టోపీ ఎత్తాడు. జెల్లా ఆ సగం రొట్టె తీసుకుని, అందరూ చూస్తుండగా కొరికింది. నమిలింది. నమలడం ఆపింది. మొహం చిట్లించి చేతి రుమాల్లోకి ఉమ్మేసింది.

"ఇదేంటిది? ఇది బలోనీ కాదు!"

"అదేంటి వదినా, అచ్చం ఆనాటి రుచే! నాలుగు నెలలుగా తింటున్నాను!"

హోబర్ట్ తన బూట్లను శ్రద్ధగా చూసుకుంటున్నాడు. ఎస్టిల్ అతని వైపు చూశాడు. హోబర్ట్ ఒలేటా వైపు చూశాడు.

"టర్కీ కోడి మాంసం" అంది ఒలేటా తాపీగా. "డాక్టర్ని అడిగే తెప్పించాను. కొవ్వు తక్కువ, ఉప్పు తక్కువ. నువ్వు కొట్లోకి అడుగుపెట్టిన రోజే హోబర్ట్ ఫోన్ చేశాడు."

"మరి నన్నెందుకు ఆపలేదు?"

"ఆపితే ఇంకో చోట అసలుది తింటావు. అబద్ధమాడుతూ అయినా రోజూ కొండెక్కి దిగుతున్నావు కదా, డాక్టరు చెప్పిన నడకేగా అనుకున్నాను." ఆమె గొంతు మారింది. "ఆ సగం సంగతి మాత్రం నాకు తెలియదు ఎస్టిల్. ఇన్నేళ్ళు ఒకే కంచం ముందు కూర్చున్నాం."

అతను తల దించుకున్నాడు. బయటికి చెప్పలేని సిగ్గు మరొకటుంది. నాలుగు నెలలపాటు ప్రతి ముద్దలోనూ ఆ రోజు రుచి తిరిగి వచ్చిందని ప్రమాణం చేసి చెప్పగలిగేవాడు. కోడి మాంసం తింటూ ఏడ్చాడు. నాలుక అంత సులువుగా మోసపోతే, ఆ రోజు గురించి తనకు గుర్తున్న దానిలో ఏది నిజమో ఎవరు చెబుతారు?

పాస్టరు ఏదో ప్రార్థన మొదలుపెట్టబోయాడు. జెల్లా ఆయనకు అవకాశం ఇవ్వలేదు.

"రేపటి నుంచి మధ్యాహ్నం నా వంటింటికి రా. అసలైన బలోనీ తెచ్చి వేయించి పెట్టు."

"అలాగే వదినా." ఎస్టిల్ మొహంలో చిన్న ఆశ కదిలింది. "మరి రెండో సగం..."

"రెండు సగాలూ ఆవిడవే" అంది ఒలేటా. "నువ్వు వాసన చూడొచ్చు. అందులో కొవ్వు లేదని డాక్టరు చెప్పాడు."

మర్నాడు మధ్యాహ్నం ఎస్టిల్ జెల్లా వంటింట్లో పొయ్యి ముందు నిలబడ్డాడు. ఎర్ర తోలు ఒలిచి, గాటు పెట్టి పెనంలో వేశాడు. అసలైన కొవ్వు చిటపటలాడింది. అతని పక్కనే గిన్నెలో ఒలేటా పంపిన క్యాబేజీ ఉంది.

ఎర్రగా కాలగానే తీసి రొట్టెలో పెట్టి, ఆమె ముందుంచాడు. జెల్లా తెరిచి చూసింది.

"ఇంకా కాలాలి. అంచులు నల్లబడాలి. ఆయన అలాగే తినేవాడు."

"లేదు వదినా, వాడికి మాడితే నచ్చేది కాదు. నాకు బాగా తెలుసు."

జెల్లా కంచం వెనక్కి జరిపింది.

"నీకేం తెలుసు? నువ్వు తిన్నది నా సగం, ఆయన తిన్నది కాదుగా. వెయ్యి, ఇంకో గాటు పెట్టి వెయ్యి."