పారిజాతాన్ని ఎవరు పాతారు?

హైదరాబాదులో ఏ నేరం జరగబోయినా ముందు తన ముక్కుకే కబురొస్తుందని బసవపున్నయ్య ప్రకటించుకునేవాడు. ఫిల్మ్ నగర్‌లో ఒక ప్రొడక్షన్ ఆఫీసులో డిటెక్టివ్ సినిమాల స్క్రిప్టులు తిరగరాసి ఫెయిర్ చేయడం అతని ఉద్యోగం. ఆరేళ్లు ఫెయిర్ చేసేసరికి తనే డిటెక్టివునని నమ్మకం కుదిరిపోయింది.

1988 ఆగస్టులో ఒక ఆదివారం, జూబ్లీహిల్స్‌లో అతనుండే ఔట్‌హౌసు వాకిట్లోకి పక్కింటి నుంచి ఒక కాగితం ఎగిరొచ్చింది. నిండా సున్నాలు, బాణాలు. కింద ఆడచేతిరాత: 'పారిజాతాన్ని ఈశాన్యంలో పాతాలి, మూడడుగుల గొయ్యి. రాధామనోహరాన్ని గోడెక్కించాలి. చంద్రకాంత సాయంత్రందాకా కళ్లు తెరవదు.'

బసవపున్నయ్య వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. ముగ్గురాడవాళ్లు. ఒకామెకి అప్పుడే మత్తుమందు కూడా ఇచ్చేశారు.

పక్కింటి శ్యామలాదేవి తోటల ప్లానింగు నేర్చుకుంటోందనీ, ఏ మొక్క ఎక్కడ, ఎంత ఎడంగా నాటాలో కాగితం మీద గీసుకుంటుందనీ వీధందరికీ తెలుసు. ఎప్పుడూ నేరస్థుల ధ్యాసలోనే ఉండడం వల్ల బసవపున్నయ్యకి తెలీదు.

కాగితం పట్టుకుని అతను పక్కింటికి వెళ్లేసరికి ఆవిడ లేదు. షేక్‌పేట నుంచి వచ్చే తోటమాలి జంగయ్య ఈశాన్యం మూల గొయ్యి సరిచేస్తున్నాడు.

"పారిజాతం ఏమైంది?" అని బసవపున్నయ్య గొంతు తగ్గించి అడిగాడు.

"సచ్చిపోయింది సార్. గిది రెండోది. అమ్మ ఇంకోదాన్ని తెస్తనని నర్సరీకి పోయింది."

నర్సరీకి. అంటే ఈసారి పసిపిల్ల.

"పాతిందెవరు?"

"నేనే. ఇంకెవరు పాతుతరు?"

ఇంత తేలిగ్గా నేరం ఒప్పుకున్నవాణ్ని బసవపున్నయ్య స్క్రిప్టుల్లో కూడా చూడలేదు. గడ్డపార లాక్కుని, శవం కోసం గొయ్యిలో బలంగా ఒక్క పోటు పొడిచాడు. ఖంగుమంది. గడ్డపార జారింది, దానితోపాటు అతనూ జారి గొయ్యిలో కూలబడ్డాడు. ప్యాంటంతా తెల్లబడింది.

అదే సమయానికి శ్యామలాదేవి గేటు తీసుకుని వచ్చింది.

"ఆ పసిదాన్ని వదిలెయ్యండి," అన్నాడు గొయ్యిలోంచి.

ఆవిడ చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో జానెడు మొక్క ఉన్నాయి. అతని చేతిలో తన కాగితం చూసి, విషయం అర్థమై, నవ్వాపుకుంటూ గొయ్యిలోకి వంగింది. ఇల్లు కట్టినప్పుడు మేస్త్రీలు మట్టి కప్పేసిపోయిన సున్నం, గడ్డకట్టిన సిమెంటు. రెండు పారిజాతాల్నీ చంపింది అదే.

స్థలం ఎంచుకోవడం ఆవిడకి చేతకాదని క్లాసు మాస్టారు అందరి ముందూ అన్నారు. నాలుగుసార్లు ప్లాను చెరిపి గీసింది. రేపు ఆయన తోట చూడ్డానికొస్తారనగా, ఇక క్లాసు మానేద్దామనే అనుకుంది.

"అయితే తప్పు నాది కాదన్నమాట," అంది మెల్లగా. కళ్లొత్తుకుని, అతను లేవడానికి చెయ్యందించింది.

"కేసు తేలిపోయింది మేడం," అన్నాడతను హుందాగా, వెనకవైపు దులుపుకుంటూ.

"పున్నయ్యగారూ, పడమటి మూల మల్లె కూడా ఎండిపోతోందండీ. కాస్త అక్కడ కూడా అనుమానపడి పెడతారా?"