పవిత్ర కంబళి రాజ్యం

దీవులు పోయి, కోటలు పోయి, చివరికి రోములోని అద్దె భవనం కూడా పోవడంతో పవిత్ర కంబళి వీరసభ తన సార్వభౌమ రాజ్యాన్ని గుంటూరులోని రిటైర్డు కాంపౌండరు బాలశౌరి దేహంలోకి మార్చుకుంది. రాజ్యమన్నాక కాస్తయినా నేల ఉండాలి. సభలో బతికున్న వీరుడు ఆయనొక్కడే. కుష్ఠురోగుల పుళ్ళు కడిగినందుకు ఒకప్పుడు పతకమిచ్చి చేర్చుకున్నారు.

సభ కార్యదర్శి విక్టరు వచ్చి ఆయన భార్య ఆరోగ్యమ్మకు చరిత్ర వివరించాడు. చలికి వణికే యాత్రికులకు కంబళ్ళు కప్పడానికి కొందరు సన్యాసులు ఈ సభ పెట్టారు. కంబళ్ళ కాపలాకు కత్తులు పట్టారు. కత్తులు దాచుకోవడానికి దీవి గెలిచారు. దీవిని కాపాడుకునే పనిలో పడ్డాక యాత్రికుల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

"ఈయన ఇప్పుడు విదేశమమ్మా. ముట్టుకోవాలంటే అనుమతి తీసుకోవాలి."

"మంచం మాదే గదయ్యా?"

"మంచం మీదే. ఆయన మాత్రం మాది."

బాలశౌరికి మొదట్లో గర్వంగానే ఉండేది. దోమ కుట్టినా కదలకుండా నిటారుగా కూర్చునేవాడు. ఆయన మోకాళ్ళకు నూనె రాయడానికి ఆరోగ్యమ్మ రోజూ పొద్దున్నే విక్టరు చేత అనుమతి ముద్ర వేయించుకునేది.

వానాకాలంలో జ్వరం పట్టుకుంది.

"చలేస్తందే. ఏదన్నా కప్పు," అన్నాడు.

ఆమె దుప్పటి తెచ్చింది. విక్టరు అడ్డం నిలబడ్డాడు.

"దిగుమతి అవుతుందమ్మా. మండలి ఒప్పుకోవాలి. వాళ్ళు సెలవుల్లో ఉన్నారు."

"దుప్పట్లు కప్పటానికే మీ సభ పుట్టిందని నువ్వేగా చెప్పావు నాయనా."

"అది చరిత్రమ్మా. ఇది పరిపాలన."

ఆరోగ్యమ్మ అతన్ని పక్కకు తోసి దుప్పటి కప్పింది. విక్టరు చెడ్డవాడు కాదు, దాన్ని లాగేయలేదు. సరిహద్దు ఉల్లంఘన అని మాత్రం రాసుకున్నాడు. డాక్టరుకు అనుమతి వచ్చేసరికి బాలశౌరి పోయాడు.

సమాధి చేశాక రాజ్యానికి కదలని నేల దొరికింది. చుట్టూ ముళ్ళకంచె వేశారు. ఆ నేలతో ఇన్నేళ్ళు కాపురం చేసినందుకు ఆరోగ్యమ్మను నిర్వాసితురాలిగా నమోదు చేసి, పునరావాస కార్యాలయానికి వెళ్ళమన్నారు.

అక్కడి వరండాలో రిజర్వాయరు కింద ఊరు మునిగినవాళ్ళు, రోడ్డు కింద పొలం పోయినవాళ్ళు కూర్చుని ఉన్నారు.

"నీదేం పోయింది వదినా?" అని ఒకావిడ అడిగింది.

"మా ఆయన," అంది ఆరోగ్యమ్మ.

ఆవిడ ఆశ్చర్యపోలేదు. కాస్త పక్కకు జరిగి, కూర్చోమని చోటిచ్చింది.